ఆకాశమున పొగ

కొట్టమున పొగ వాసన సోకినప్పుడు రైతేమి చేయునో మన పాఠకులకు క్రొత్తగ చెప్పవలసిన పని లేదు. అతడు ముందుగ పశువుల పలుపులు విప్పి వానిని బయటికి తోలును. నిప్పు చుట్టముక్కవలన రాజుకొన్నదా, పొయ్యినుండి రవ్వ యెగిరిపడినదా, పగవాడెవడైన వైచెనా యను విచారణ పశువులు బయటపడిన పిమ్మట జరుగును. విచారణ ముందు, పలుపులు వెనుక యని తలచిన రైతునకు విచారణ మిగులును గాని పశువులు మిగులవు. పల్లెలోని సామాన్యుడు పాటించు నీ క్రమమును విమానయాన ప్రపంచ మనేక ప్రాణములను బలియిచ్చిన పిమ్మటగాని నేర్చుకొనలేదు. నేర్చుకొన్న దానినైనను అంతట నొకే తీరున ఆచరించుచున్నదని చెప్పజాలము.

విమానప్రయాణ మొకప్పుడు సంపన్నుల విలాసము. నేడట్లు కాదు. కరీంనగరమునుండి, నిజామాబాదునుండి, గోదావరి మండలములనుండి జీవనోపాధికై గల్ఫు దేశములకు పోవు కార్మికుడును, అమెరికాలో నున్న కుమారుని జూడబోవు తల్లియు విమానమెక్కుచున్నారు. శంషాబాదునందును గన్నవరమునందును దిగు ప్రయాణికులలో సామాన్య గృహస్థులే యధికముగ గనబడుచున్నారు. కావున మూలము తెలియని పొగ గాని వాసన గాని విమానమున పుట్టినయెడల దానిని నడపువారేమి చేయవలెననునది నిపుణులు తమలో తాము చర్చించుకొని విడువదగిన విషయము కాదు. ప్రజలు తెలిసికొని, పాలకులను ప్రశ్నింపదగిన విషయము.

విమానమున వాసన పుట్టుటకు కారణములు పెక్కు. వంటగదిలోని పొయ్యిలో ఒలికిన పదార్థము మాడవచ్చును. గాలిని త్రిప్పు పంకా మోటారు వేడెక్కవచ్చును. ప్రయాణికుని సంచిలోని బ్యాటరీ రగులుకొనవచ్చును. ఇంజను నూనె గాలిగొట్టములలోనికి జొరబడవచ్చును. పైకప్పు పలకల వెనుక కంటికి కనబడని విద్యుత్తీగలలో నిప్పురవ్వలు లేచి చుట్టునున్న పదార్థముల కంటుకొనవచ్చును. వీనిలో మొదటిది స్వల్పము, చివరిది ప్రాణాంతకము. చిక్కేమన, మొదటి రెండు మూడు నిమిషములలో నిది యేదియని ముక్కు నిర్ణయింపజాలదు. ఇంజనులయందు మంటను, సరకుల గదులయందును మరుగుదొడ్లయందును పొగను కనిపెట్టు యంత్రములు గలవు. పైకప్పు పలకల వెనుక సాధారణముగ నట్టివి లేవు. అచ్చట మనుష్యుని ముక్కే యంత్రము, అతని కన్నే గంట.

ఈ మాట యెంత సత్యమో 1998 సెప్టెంబరు 2వ తేదీ రాత్రి లోకమునకు తెలియవచ్చెను. స్విస్ ఎయిర్ సంస్థకు చెందిన 111వ నంబరు విమానము ఆ రాత్రి న్యూయార్కునుండి జెనీవాకు బయలుదేరెను. అది ఎం.డి. 11 తరగతి విమానము. అందు 229 మంది యుండిరి. బయలుదేరిన 53వ నిమిషమున, 33,000 అడుగుల యెత్తున, విమానము నడపుచున్న యిద్దరికిని వింత వాసన సోకెను. వారు తొలుత నది చల్లగాలి యంత్రమునుండి వచ్చినదని తలచిరి. అట్లు తలచుటకు కారణము లేకపోలేదు. అట్టి వాసనలు పెక్కుమారు లాయంత్రమునుండియే వచ్చుచుండును. కొలది నిమిషములకే పొగ కంటికి గానవచ్చెను. వాసన పుట్టిన నాలుగు నిమిషములలోపల వారు ‘పాన్ పాన్’ అను హెచ్చరిక నిచ్చి, బోస్టను నగరమునకు మరలుదుమని కోరిరి. ఇది తీవ్రాపదను దెలుపు ‘మేడే’ పిలుపునకు ఒక మెట్టు క్రిందిది.

బోస్ట నప్పటికి దాదాపు 550 కిలోమీటర్ల దూరమున నున్నది. క్రింద మార్గమును నియంత్రించు నుద్యోగి కెనడాలోని హాలిఫాక్సు దగ్గరయని సూచించెను. అది సుమారు 120 కిలోమీటర్లు. చోదకులు వెంటనే యంగీకరించిరి. అంతవరకును వారు చేసినది ఆక్షేపింపదగినది కాదు. కాని విమానము మిక్కిలి యెత్తున నుండెను. సముద్రము దాటుటకు నింపిన యింధనముతో బరువుగ నుండెను. యెత్తు తగ్గించుకొనుటకును, ఇంధనమును పారబోయుటకును మరికొంత దూరము తిరుగవలసివచ్చెను. ఈ లోపల కెప్టెను పొగ మూలమును వెదకు చెక్‌లిస్టును చేతబట్టి యొక్కొక్క మీటను త్రిప్పి చూచుచుండెను. వాసన పుట్టిన పదునాలుగు నిమిషములకు స్వయంచాలక యంత్రము విడిపోయెను. చోదకులు తీవ్రాపదను ప్రకటించిరి. మరియొక నిమిషమునకు మాటలను లెక్కలను నమోదు చేయు పెట్టెలు నిలిచిపోయెను. మొదటి వాసననుండి ఇరువదియొకటవ నిమిషమున విమానము పెగ్గీస్ కోవ్ అను పల్లెకు సమీపమున సముద్రమున గూలెను. 229 మందిలో నొక్కరును మిగులలేదు.

కెనడా రవాణా భద్రతా సంఘము నాలుగేండ్లకు పైగా శ్రమించి, సముద్రగర్భమునుండి విమానశకలములను వెలికిదీసి, 2003 మార్చిలో నివేదిక ప్రకటించెను. చోదకుల గదికి వెనుక, పైకప్పునకు మీద, విద్యుత్తీగలలో రవ్వలు లేచి, అచ్చట వేడిని శబ్దమును ఆపుటకై పరచిన దుప్పటుల పైపొర కంటుకొన్నవని తేలెను. ఆ పొర లోహపు పూత పూసిన ప్లాస్టిక్కు. అది నాటి పరీక్షలో నుత్తీర్ణమైనదే. కాని యథార్థమైన మంటకు తాళలేదు. రవ్వలు లేచిన తీగలలో నొకటైనను ప్రయాణికుల వినోదమునకై తరువాత నమర్చిన యంత్రములకు చెందినదని గుర్తించిరి. మంట పుట్టిన తావున పొగను కనిపెట్టు యంత్రము గాని, మంటను ఆర్పు సాధనము గాని లేవనియు, చోదకులు తమ యింద్రియములనే నమ్ముకొనవలసి వచ్చెననియు ఆ నివేదిక స్పష్టముగ చెప్పెను.

మఱియొక విషయమును మన పాఠకులు శ్రద్ధగ గమనింపవలెను. నాడు కెప్టెను చేతనున్న చెక్‌లిస్టును ఆమూలాగ్రముగ నెరవేర్చుటకు 20 నుండి 30 నిమిషములు పట్టును. మూలము తెలియని పొగ పుట్టినప్పుడు మొదట నేలవంక మరలుమని యది తొలి పంక్తిలో చెప్పలేదు. ఆ సంఘమువారే 1967 మొదలు 1998 వరకు గగనమున మంటలు పుట్టిన 15 ప్రమాదములను పరిశీలింపగా, మొదటి సూచన కనబడినది మొదలు విమానము నాశనమగువరకు గడచిన కాలము 5 నుండి 35 నిమిషములుగా నుండెను. వెదకుటకే యరగంట పట్టు పట్టికను, అయిదు నిమిషములలో ముంచుకొనిరాగల యాపదకు మందుగా నిచ్చిరి! ఇల్లంటుకొన్నప్పుడు బావి త్రవ్వబూనిన సామెతకు దీనికంటె మంచి యుదాహరణము దొరకదు.

ఇచ్చట కొందరొక యాక్షేపణము చేయవచ్చును. ఆ రాత్రి చోదకులు మొదటి క్షణమునుండియు నేలకే దిగజూచియుండినను, మంట వ్యాపించిన వేగమునుబట్టి విమానము సురక్షితముగ హాలిఫాక్సు చేరియుండెడిది కాదని ఆ నివేదికయే చెప్పుచున్నది గదా. అట్లయిన త్వరపడి యేమి లాభము? ఆక్షేపణము సత్యాధారము గలదియే. అందుచేతనే మృతులైన చోదకులపై నెపము మోపుట యన్యాయము. కాని యొక ప్రమాదమున త్వర సరిపోలేదను కారణమున అన్ని ప్రమాదములలోను త్వర వ్యర్థమనుట తర్కము కాదు. వైద్యుడు వచ్చునప్పటికి ప్రాణము పోయిన రోగి యొకడుండెనని, వైద్యునికి కబురు పంపుట మానుదుమా? కాలము సరిపోయియుండియు, దాని నుపయోగింపలేక ప్రాణములు పోగొట్టుకొన్న యుదాహరణములు వేరుగ నున్నవి.

1983 జూను 2వ తేదీన ఎయిర్ కెనడా సంస్థవారి 797వ నంబరు విమానము అమెరికాలోని డాలస్‌నుండి కెనడాకు పోవుచుండెను. వెనుకనున్న మరుగుదొడ్డినుండి పొగ వచ్చుట కనబడెను. అంతకు ముందే ఆ మరుగుదొడ్డి మోటారునకు సంబంధించిన విద్యుద్రక్షకములు పడిపోయియుండెను. కాని మంట గోడల వెనుక నెంతవరకు ప్రాకెనో యెవ్వరికిని తెలియదు. పొగ తగ్గుచున్నదను మాటలును కెప్టెనునకు చేరెను. ఆ మాటల నమ్మకమున కొన్ని నిమిషములు గడచెను. తుదకు విమానము సిన్సినాటి సమీపమున దిగెను, తలుపులు తెరచిరి, జనులు దిగనారంభించిరి. లోనికి జొరబడిన క్రొత్తగాలితో ఒకటి రెండు నిమిషములలోపల మంట యొక్కసారిగ నంతట ప్రజ్వరిల్లెను. 46 మందిలో 23 మంది మరణించిరి. కొలది నిమిషములు ముందుగ దిగియున్నయెడల ఆ 23 మంది గతి వేరుగ నుండెడిదని తలచుట దురాశ కాదు.

అంతకు మూడేండ్లకు ముందు, 1980 ఆగస్టు 19వ తేదీన, సౌదియా సంస్థవారి 163వ నంబరు విమానము రియాధునుండి జిద్దాకు బయలుదేరిన యేడు నిమిషములలోపల సరకుల గదిలో పొగ యున్నదని యంత్రము గంట మ్రోగించెను. ఆ గంట నిజమో అబద్ధమో తేల్చుకొనుటకే నాలుగు నిమిషములకు పైగా పట్టెను. పిమ్మట విమానము వెనుకకు మరలి రియాధునందే చెక్కు చెదరక దిగెను. కాని దిగిన చోట నిలువక, రెండున్నర నిమిషములకు పైగా నేలపై నడచిపోయి ఆగెను. ఇంజనులు వెంటనే ఆపలేదు. జనులను దింపు పని జరుగలేదు. బయటినుండి తలుపులు తెరచునప్పటికి అందున్న 301 మందియు మృతులై యుండిరి. నేలకు జేరియు ప్రాణములు దక్కకపోవుట యెంత ఘోరము! దీనివలన నేర్చుకొనవలసిన దేమన, దిగుటతో కర్తవ్యము ముగియదు. చివరి ప్రయాణికుడు బయట నిలిచినప్పుడే ముగియును.

ఇంతవరకు మంటను గూర్చి చెప్పితిమి. మంట లేకయే వచ్చు నాపద వేరొకటి గలదు. నేటి జెట్ విమానములలో నధికభాగమున, ప్రయాణికులు పీల్చు గాలి ఇంజనులలోని కంప్రెసరునుండి తీసి చల్లార్చి లోనికి పంపబడుచున్నది. ఇంజనులోని నూనె కాలువలను మూయు బిరడాలు సడలినయెడల నూనె ఆ వేడిగాలిలో గలసి యావిరియై జనుల యూపిరితిత్తులలోనికి జేరును. ఆ నూనెలలో అరుగుదల నాపుటకై ట్రైక్రెసిల్ ఫాస్ఫేటు అను రసాయనమును గలుపుచుందురు. లోపలి గాలిని వడపోయు సాధనములు ధూళిని సూక్ష్మజీవులను ఆపగలవు గాని యావిరిని ఆపజాలవు. 2011లో సేవలోనికి వచ్చిన బోయింగు 787 విమానమున గాలిని ఇంజనునుండి గాక బయటినుండి వేరు విద్యుద్యంత్రములతో తీసికొను పద్ధతి నమర్చిరి. దీనినిబట్టి వేరు మార్గము లేదనుట సరికాదని తేలుచున్నది. ఈ యావిరుల వలన దీర్ఘవ్యాధులు కలుగునా యను విషయమున వైద్యులలో నేకాభిప్రాయము లేదు. కాని యప్పటికప్పుడు కలుగు నపాయమును గూర్చి సందేహమక్కరలేదు.

1999 నవంబరులో స్వీడను దేశమున స్టాక్‌హోమునుండి మాల్మోకు పోవుచున్న బి.ఎ.ఇ. 146 తరగతి విమానమున చోదకులిద్దరికిని వికారము పుట్టెను. కెప్టెనునకు తల తిరిగి, విమాన మెంత యెత్తున నున్నదో నిర్ణయించుటయే కష్టమయ్యెను. ప్రాణవాయువు ముసుగులు ధరించి కొంతసేపు గాలి పీల్చిన పిమ్మట తేరుకొని సురక్షితముగ దిగిరి. ఆ ముసుగులను ధరింప నాలసించియుండిన నేమగునో యూహింపవచ్చును. ఈ తరగతి విమానములలోని గాలిని గూర్చి ఆస్ట్రేలియా సెనేటు సంఘ మొకటి విచారణ జరిపి 2000 అక్టోబరులో నివేదిక ప్రకటించెను.

ఇది పరదేశముల కథయని మన మూరకుండ వీలులేదు. 2022 అక్టోబరు 12వ తేదీ రాత్రి గోవానుండి హైదరాబాదునకు వచ్చుచున్న స్పైస్‌జెట్ సంస్థవారి క్యూ 400 విమానమున, దిగుచున్న సమయమున, లోపల పొగ నిండెను. విమానము శంషాబాదున సురక్షితముగ దిగెను; ప్రయాణికులను అత్యవసర ద్వారములగుండ దింపిరి. ఆ సమయమున శంషాబాదునకు రావలసిన యితర విమానములను వేరుచోట్లకు మరల్చవలసివచ్చెను. ఇంజనులోని యొక కవాటమున నూనె జాడలు గానవచ్చెననియు, ఆ నూనె గాలి నందించు యంత్రములోనికి జేరి పొగయయ్యెననియు పౌర విమానయాన డైరెక్టరేటు పరిశీలనమున తేలెను. అదే సంవత్సరము జూలై 2వ తేదీన ఢిల్లీనుండి జబల్పూరునకు బయలుదేరిన ఆ సంస్థ విమానమొకటి పొగ నిండుటచే ఢిల్లీకే మరలివచ్చెను. శంషాబాదు సంఘటనమున నేల సమీపమున నుండుట మన యదృష్టము. అదే యరేబియా సముద్ర మధ్యమున జరిగియుండిన?

ఇంకను క్రొత్త సంగతి యొకటి గలదు. బోయింగు 737 మాక్స్ విమానముల ఇంజనులలో, పక్షి తగిలి రెక్కలు విరిగినప్పుడు అదురు తగ్గించుటకై యొక యేర్పాటు గలదు. ఆ యేర్పాటు పనిచేసినప్పుడు నూనె వేడిగాలిలో బడి, ఘాటైన పొగ లోనికి వచ్చుచున్నట్లు 2023లో అమెరికా సంస్థకు చెందిన రెండు విమానములయందు బయటపడెను. అందొకటి క్యూబాలోని హవానానుండియు, వేరొకటి న్యూ ఆర్లియన్సునుండియు బయలుదేరినవి. ఆ రెండవదానిలో చోదకులకు తమ యెదుటి యంత్రముల పలకయే కనబడుట కష్టమయ్యెను. అమెరికా రవాణా భద్రతా మండలి 2025 జూనులో ఈ విషయమున అత్యవసర సిఫారసులు చేసెను. ఈ తరగతి విమానములు మన దేశమునను తిరుగుచున్నవి.

ఇన్ని యనుభవముల వలన తేలిన కర్తవ్యక్రమ మేది? అది యంత కఠినమైనది కాదు. మొదట చోదకులు తమ ముసుగులను ధరించి, శుద్ధ ప్రాణవాయువును నూటికి నూరుపాళ్లు పీల్చవలెను; కన్నులకు కప్పు పెట్టుకొనవలెను. చోదకుడు స్పృహలో నున్నగాని తక్కినదేదియు జరుగదు. రెండవది, ఒకరు విమానము నడపుట యందే దృష్టి నిలిపి, దానిని సమీపమున దిగదగిన తావువంక మరల్పవలెను. మూడవది, క్రిందివారికి ఆపదను దాపరికము లేక తెలుపవలెను. ఈ మూడును జరిగిన పిమ్మటనే రెండవవాడు మూలమును వెదకవలెను: గాలి త్రిప్పు పంకాల నాపుట, వంటగది విద్యుత్తును తీసివేయుట, ఒక్కొక్క యింజను గాలిని వేరుపరచి చూచుట మొదలైనవి. లోపలి సిబ్బంది వేడెక్కిన పలకలను చేతి వెనుకభాగముతో తడవి కనుగొని, ఆర్పు సాధనములు సిద్ధపరచుకొనవలెను. ఆరినదని యెవరైన చెప్పినను, కంటితో చూచి నిర్ధారింపనిదే దిగుట మానరాదు.

ఈ క్రమమునకు నేడు ప్రమాణమును లేకపోలేదు. 2005లో ఫ్లైట్ సేఫ్టీ ఫౌండేషను ప్రకటించిన మాదిరి పట్టిక తొలి పంక్తిలోనే దారి మరల్పవలసి రావచ్చునను హెచ్చరికను చేర్చెను. విమానములు నిర్మించువారును, నడపుసంస్థలును, చోదకుల సంఘములును గలసి తయారుచేసిన పట్టిక యది. పలుపులు ముందు, విచారణ వెనుక యను రైతు ధర్మమే యిది. అయినను పట్టిక కాగితము. దానిని పాటించువాడు మనుష్యుడు. ఆ మనుష్యుని చేతులు కట్టు సంకెళ్లేవో విచారింపవలెను.

మొదటి సంకెల వ్యయము. దారి మరలిన విమానము సంస్థకు భారము. ఇంధనము పోవును, ప్రయాణికులకు బస యేర్పరుపవలెను, మరునాటి ప్రయాణములు తారుమారగును. కెప్టెను దిగిన పిమ్మట వాసనకు కారణము కాఫీ పాత్ర మాడుటయేయని తేలినయెడల, నిష్కారణముగ నష్టము తెచ్చితివని యతని నెవరైన నిలదీయుదురేమో యను సంశయము మనసున మెదలినచో, ఆ సంశయమే యతని చేతిని రెండు నిమిషములు పట్టి లాగును. రియాధునందు నాలుగు నిమిషముల మూల్యమెంతో చూచితిమి. విమానము విషయమున తుది నిర్ణయాధికారము కెప్టెనునదేయని అంతర్జాతీయ నియమములు ఘోషించుచున్నవి. ఆ యధికారము పుస్తకమున నుండిన చాలదు. పొగకై దిగిన కెప్టెనును దిగినందులకు సంజాయిషీ యడుగరాదని సంస్థలు వ్రాతమూలకముగ ప్రకటింపవలెను. ప్రభుత్వ మట్లు ప్రకటింపజేయవలెను.

రెండవ సంకెల హాస్యభయము. నూటికి పెక్కుసార్లు వాసన స్వల్పకారణము వలననే పుట్టును. ప్రతిసారియు దిగినయెడల నవ్వుల పాలగుదుమను శంక. దీనికి సమాధానము సులభము. దిగి నవ్వుల పాలైనవాడు మరునాడు మరల విమానము నడపును. మూడవది, త్వరగ దిగుటలోను ప్రమాదము గలదను వాదము. బరువైన విమానమును తొందరపడి దింపినచో దారి చాలక పోవచ్చును, చక్రములు చెడవచ్చును. వాదము యోగ్యమైనదే. కాని మేము కోరునది గ్రుడ్డి తొందర కాదు. మొదటి నిర్ణయమును మొదట చేయుట. నేలవంక మరలిన విమానము, కారణము నిశ్చయముగ తెలిసి తొలగినచో, మరల దారి పట్టవచ్చును. పోయిన నిమిషము మాత్రము తిరిగిరాదు. మరలుట దిద్దుకొనదగిన నిర్ణయము, మరలకుండుట దిద్దుకొనరానిది.

సముద్రముమీది ప్రయాణముల విషయమున ఈ సూత్ర మింకను గట్టిగ పాటింపవలసియున్నది. హైదరాబాదునుండి గల్ఫునకు పోవు విమానము అరేబియా సముద్ర మధ్యమున నున్నప్పుడు ముంబయి దగ్గరయా, మస్కటు దగ్గరయా యను లెక్క పొగ పుట్టిన పిమ్మట వేయవలసినది కాదు. ప్రయాణమందలి ప్రతి ఘట్టమునను, ఈ క్షణమున పొగ పుట్టినచో ఎచ్చటికి మరలుదుమను సమాధానము చోదకుల నాలుకపై నుండవలెను. స్విస్ ఎయిర్ చోదకులకు హాలిఫాక్సు దగ్గరయని క్రిందివారు చెప్పవలసి వచ్చెనను సంగతి మరువరాదు.

ఇక ప్రభుత్వము చేయవలసిన పనులు రెండు. ఒకటి, వాసన గాని పొగ గాని పుట్టిన ప్రతి సంఘటనమును, చిన్నదైనను పెద్దదైనను, నమోదు చేయించి, కారణము తేల్చి, సంవత్సరమున కొకసారి ప్రజలకు ప్రకటించుట. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 2015లోనే ఇట్టి సంఘటనములను నివేదించు పద్ధతిని గూర్చి, సిబ్బందికి నేర్పవలసిన శిక్షణమును గూర్చి మార్గదర్శక పత్రము ప్రకటించెను. చెప్పినవానికి దండన భయము లేనప్పుడే నిజము బయటికి వచ్చును. బయటికి వచ్చిన నిజమే మరుసటి ప్రమాదమును ఆపును. రెండవది, లోపలి గాలిలో నూనె యావిరిని కొలుచు యంత్రములను విమానములలో నమర్పించుట. సాధారణ ప్రయాణిక విమానములలో నట్టి యంత్రము నేటికిని ఆచారముగ లేదు. బొగ్గు గనులలో విషవాయువును కొలుచు సాధనములుండగా, వందలమంది యొకే గాలి పీల్చు నీ గొట్టమున ముక్కును తప్ప వేరొండు నమ్ముకొనకుండుట యీ శాస్త్రయుగమునకు తగదు. మన దేశమున విమానముల సంఖ్య యేటేట పెరుగుచున్నది. 1934 నాటి పాత చట్టమునకు బదులు 2025 జనవరి 1వ తేదీనుండి భారతీయ వాయుయాన అధినియమము అమలులోనికి వచ్చినది. చట్టము క్రొత్తదైనప్పుడు అలవాట్లును క్రొత్తవి కావలెను.

ప్రయాణికుల కర్తవ్యమును గూర్చియు రెండు మాటలు చెప్పుట యవసరము. లోపల పొగ పుట్టినప్పుడు తలపైనుండి ప్రాణవాయువు ముసుగులు పడలేదేమని కొందరు కోపింతురు. ఆ ముసుగులు గాలి పలుచనైనప్పుడు పనికివచ్చునవి. అవి లోపలి గాలిని గూడ కలుపుకొని యిచ్చును గావున పొగనుండి కాపాడవు. అదిగాక ప్రాణవాయువు మంటకు మేత యగును. పొగయందు తడిగుడ్డ ముక్కునకడ్డము పెట్టుకొని, తల వంచి, సిబ్బంది చెప్పినట్లు మెలగుటయే రక్ష. కాలుచున్నట్లు గాని, రబ్బరు మాడినట్లు గాని, చెమట పట్టిన మేజోళ్లవలె గాని వాసన సోకినచో సిగ్గుపడక సిబ్బందికి చెప్పవలెను. తన సంచిలోని బ్యాటరీ వేడెక్కినట్లు తోచినచో దాచక చెప్పవలెను. దిగుడని యాజ్ఞ యైనప్పుడు సంచులను తాకరాదు. 2024 జనవరి 2వ తేదీన టోక్యోలోని హనేడా విమానాశ్రయమున జపాను విమానమొకటి దిగుచు, దారిపైనున్న తీరరక్షక దళపు విమానమును ఢీకొని మంటల జిక్కెను. ఆ చిన్న విమానమున అయిదుగురు మరణించిరి. జపాను విమానములోని 379 మందియు మాత్రము కాలుచున్న యంత్రమునుండి ప్రాణములతో బయటపడిరి. సంచులను విడిచి, సిబ్బంది మాట వినుటయే దానికి ముఖ్యకారణములలో నొకటి. పెట్టెలో నున్న పట్టుచీర మరల కొనవచ్చును.

విమానమున పొగ పుట్టుట అపూర్వము కాదు. దానివలన ప్రాణములు పోవుట అనివార్యమును గాదు. హాలిఫాక్సు సమీపమున 229 మందియు, రియాధున 301 మందియు, సిన్సినాటిలో 23 మందియు తమ ప్రాణముల మూల్యముతో వ్రాసిన పాఠ మొక్కటే: కారణమును వెదకుటకు నేలమీద కావలసినంత కాలము గలదు, ఆకాశమున లేదు. ఈ పాఠమును చోదకులు నేర్చియే యున్నారు. నేర్చినదానిని నిర్భయముగ నాచరింప వారికి వీలు కలిగించుట సంస్థల విధి. సంస్థలచే నా విధిని చేయించుట ప్రభుత్వ విధి. ప్రభుత్వము నిద్రించిన మేల్కొలుపుట ప్రజల విధి. చేతులు కాలిన పిమ్మట ఆకులు వెదకు నాచార మిప్పటికైన మానుదుముగాక.